రైస్ మిల్ బోర్డుకి స్లాబ్ సెరిఫ్ పెట్టొచ్చా? పక్కన తెలుగు ఎలా కుదరాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం విషయం క్లుప్తంగా చెప్తాను. మిర్యాలగూడ దగ్గర మీ మేనమామ రైస్ మిల్లుకి కొత్త బోర్డు చేయిస్తున్నారు. దాంతో పాటే 26 కిలోల బస్తా డిజైన్ కూడా మారుస్తున్నారు. డిజైన్ చేసే అబ్బాయి ఇంగ్లిష్ పేరుని లావాటి స్లాబ్ సెరిఫ్‌లో పెట్టాడు. అది మీ మామకి బాగా నచ్చింది. కింద తెలుగు పేరు మాత్రం వేరే షాపు బోర్డు తెచ్చి అతికించినట్టు ఉందని రాశావు. ఈ ఫాంటు సంగతేంటి, బోర్డుకి పనికొస్తుందా, తెలుగులో దీనికి జోడీ ఏది అని అడిగావు.

నేను నల్లగొండలో ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఎనామిల్ పెయింటు, బ్రష్షు. తర్వాత పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఫ్లెక్స్. ఇప్పుడు ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్) షీట్లు, ఎల్ఈడీ అక్షరాలు. ఆ అనుభవంతో చెప్తున్నా: ఇంగ్లిష్ ఫాంటు మార్చకండి, మంచిదే ఎంచుకున్నారు. మార్చాల్సింది తెలుగు. అసలు తెలుగు పేరుని ముందు పెట్టుకుని, దానికి సరిపోయే స్లాబ్‌ని వెతుక్కోవాలి. మన దగ్గర అందరూ ఈ పని తిరగేసి చేస్తారు. గొడవంతా అక్కడే వస్తుంది.

స్లాబ్ సెరిఫ్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఇంగ్లిష్ అక్షరం గీతల చివర ఉండే చిన్న కాళ్ళని సెరిఫ్‌లు అంటారు. పుస్తకాల్లో వాడే టైమ్స్ లాంటి ఫాంట్లలో ఆ కాళ్ళు సన్నగా, మొనదేలి ఉంటాయి. స్లాబ్‌లో అవి దిమ్మల్లా ఉంటాయి. మా షాపులో మేం వీటిని 'దిమ్మకాళ్ళ అక్షరాలు' అనేవాళ్ళం. పానగల్లు గుడిలో స్తంభాలు చూసే ఉంటావు. కింద చదరపు దిమ్మ, దాని మీద స్తంభం. స్లాబ్‌లో ఐ అక్షరం అచ్చం అలాగే ఉంటుంది. ఇంకో ముఖ్య లక్షణం, నిలువు గీతకీ అడ్డగీతకీ మందంలో పెద్ద తేడా ఉండదు. దూరం నుంచి అక్షరం విరగకుండా కనిపించేది అందుకే.

వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒక రకంలో కాలు గీతకి నేరుగా, మూల కోసినట్టు అతుకుతుంది. రాక్‌వెల్ అలాంటిది. 1934లో మోనోటైప్ కంపెనీ తెచ్చింది. నీ కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఉంటే ఇది ఉండే ఉంటుంది, చూడు. రెండో రకంలో గీతకీ కాలికీ మధ్య చిన్న వంపు ఉంటుంది. క్లారెండన్ ఆ రకం. 1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో (అచ్చు అక్షరాలు పోసే కార్ఖానా) రాబర్ట్ బెస్లీ దీన్ని విడుదల చేశాడు, అచ్చుపోత కోసం చెక్కినవాడు బెంజమిన్ ఫాక్స్. డిజైన్‌ని రిజిస్టర్ కూడా చేయించారు, కానీ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలన్నీ కాపీ కొట్టాయి. ఈ వంపు సంగతి గుర్తుపెట్టుకో, అక్షరాలు కోసే రౌటర్ మెషిన్ దగ్గర మళ్లీ వస్తుంది.

ఈ అక్షరాలు పుట్టిందే అరవడానికి. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ అనే టైప్ తయారీదారు మొదటిసారి వీటిని 'యాంటిక్' పేరుతో అమ్మాడు. ఫ్యాక్టరీలు, నాటకాలు, లాటరీలు, సరుకుల ప్రకటనలు పెరుగుతున్న కాలం అది. పుస్తకం అక్షరాన్ని ఎంత పెద్దది చేసినా గోడ మీద నిలబడలేదు, అందుకే లావు అక్షరం కావలసి వచ్చింది. వీటికి 'ఈజిప్షియన్' అనే పేరు కూడా ఉంది. నెపోలియన్ దండయాత్ర తర్వాత యూరప్‌లో ఈజిప్టు మోజు నడుస్తుండగా అతుక్కున్న పేరది, ఈజిప్టు లిపితో దీనికి సంబంధం లేదు. తర్వాత అమెరికాలో డేరియస్ వెల్స్ 1827లో చెక్కని కోసే రౌటర్ యంత్రం కనిపెట్టాక పెద్ద పెద్ద చెక్క అక్షరాలు చౌకగా వచ్చాయి. పాత సర్కస్ పోస్టర్లలో కనిపించే దిమ్మకాళ్ళ అక్షరాలు ఆ వరసవే.

మన కళ్ళకి ఇవి కొత్తేం కాదు. బండి మీద హోండా అని రాసిన అక్షరాలు చూడు, టీవీ మీద సోనీ చూడు, బస్సు ముందు వోల్వో చూడు. అన్నిటికీ దిమ్మకాళ్ళే. ఐబీఎం అక్షరాలు కూడా ఈ కుటుంబంవే, డిజైనర్ పాల్ రాండ్ వాటికి ఎనిమిది అడ్డగీతలు ఇచ్చింది 1972లో. బరువు, నమ్మకం, యంత్రం, సరుకు అనే భావం ఈ అక్షరంలోనే ఉంది. అందుకే రైస్ మిల్లుకి, ఇనుప సామాను కొట్టుకి, ట్రాన్స్‌పోర్టుకి, జిమ్ముకి బాగా నప్పుతుంది. ఊళ్ళల్లో కబడ్డీ జట్ల టీషర్టుల వెనక నంబర్లు కూడా దిమ్మకాళ్ళతో వేస్తేనే కుర్రాళ్ళకి తృప్తి. పెళ్లికార్డుకి మాత్రం నేనెప్పుడూ పెట్టను. కంటి డాక్టరు క్లినిక్‌కీ పెట్టను, అక్కడ మనిషికి కావలసింది నెమ్మది.

ఇక మీ బోర్డు సంగతి. మిల్లు నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు పక్కనే అన్నావు. ఆ రోడ్డు మీద లారీ 80 కిలోమీటర్ల వేగంతో వస్తే సెకనుకి 22 మీటర్లు దాటిపోతుంది. డ్రైవరు పేరు చదివి, బ్రేకు వేసి, లోపలికి తిప్పడానికి ఐదు సెకన్లన్నా ఇవ్వాలి. అంటే 110 మీటర్లు, దాదాపు 360 అడుగుల దూరం నుంచి పేరు కనిపించాలి. బోర్డు పనిలో ఒక పాత లెక్క ఉంది: 10 అడుగుల దూరానికి 1 అంగుళం ఎత్తు ఉంటే హాయిగా చదవొచ్చు. ఆ లెక్కన 36 అంగుళాల అక్షరం కావాలి. అంత వద్దనుకుంటే సగానికి తగ్గించినా చదవగలరు, కానీ హాయిగా కాదు. కాబట్టి పేరులో ఒక్క ముఖ్యమైన మాటని రెండడుగులకి తగ్గకుండా పెట్టండి. ప్రొప్రయిటర్ పేరు, ఫోన్ నంబరు, 'నాణ్యమైన సన్నబియ్యం' అనే మాటా అంతా గేటు దగ్గర చిన్న బోర్డు మీద రాయించండి. రోడ్డు బోర్డు మీద అన్నీ పెడితే ఏదీ కనపడదు. మీ మామ ఒప్పుకోకపోవచ్చు, అయినా ఈ ఒక్కదాని గురించి ఆయనతో గట్టిగా మాట్లాడు.

నీ డిజైన్‌లో నాకు కనిపించిన తప్పు ఒకటి చెప్తా. 'మిల్' అనే ఇంగ్లిష్ మాటలో ఎం, ఐ, ఎల్, ఎల్ వరసగా వస్తాయి. నాలుగింటికీ కింద దిమ్మలే. ఆ అబ్బాయి అక్షరాలని దగ్గరికి లాగాడు. దాంతో ఐ కాలు, ఎల్ కాలు కలిసిపోయాయి. ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే బాగానే ఉంటుంది, వంద అడుగుల నుంచి చూస్తే మాట కింద ఎవరో గీత కొట్టినట్టు ఉంటుంది. స్లాబ్‌లో కాళ్ళు చాలా జాగా తింటాయి, అందుకే కాలికీ కాలికీ మధ్య గాలి ఆడాలి. కాలి మందంలో సగమన్నా ఖాళీ ఉండేలా అక్షరాలని జరపమను. ఎం లోపలి జాగా కూడా చూడు. మరీ లావు ఫాంటైతే అక్కడ నలుపు ముద్ద కడుతుంది.

ఎల్ఈడీ పెట్టిస్తారా అన్నది నువ్వు రాయలేదు. పెట్టిస్తే స్లాబ్ ఇంకా మంచిది. అక్షరం లోపల మాడ్యూళ్ళ (చిన్న లైటు ముక్కల) వరస పట్టాలంటే గీత వెడల్పు కనీసం ఒకటిన్నర, రెండు అంగుళాలు ఉండాలని నా లెక్క. సన్నకాళ్ళ ఫాంటులో కాలి దగ్గరికి మాడ్యూల్ వెళ్లదు, రాత్రి ఆ భాగం చీకటిగా ఉండిపోతుంది. ఒక బట్టల షాపుకి సన్నగీతలూ లావుగీతలూ కలిసిన ఫాంటులో ఎల్ఈడీ అక్షరాలు చేసిచ్చాను. పగలు చాలా అందంగా ఉంది. రాత్రి లైటు వేస్తే ఎన్ అక్షరం సన్న నిలువుగీతలు కనపడకుండా పోయి ఏటవాలు గీత ఒక్కటే వెలిగింది. మళ్లీ నా ఖర్చుతో చేసిచ్చాను. అప్పటినుంచి లైటు అక్షరం అంటే గీత మందమే ముందు చూస్తాను. అయితే వెలుగు అక్షరాన్ని ఇంకాస్త లావుగా చూపిస్తుంది, అందుకని లైటు బోర్డుకి అన్నిటికన్నా లావు రకం తీసుకోవద్దు. ఒక మెట్టు తగ్గించి బోల్డ్ తీసుకోండి.

రౌటర్ సంగతి చెప్తానన్నాను. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ రౌటర్‌లో తిరిగే బిట్టు గుండ్రంగా ఉంటుంది. అది బయటి మూలలని పదునుగానే కోస్తుంది, లోపలి మూలల్లో మాత్రం బిట్టు మందాన్ని బట్టి చిన్న గుండ్రం మిగులుతుంది. రాక్‌వెల్ లాంటి నేరుమూలల ఫాంటులో ఆ గుండ్రం తప్పులా కనపడుతుంది, ఆకురాయి పట్టుకుని కూర్చోవాలి. క్లారెండన్ రకంలో అక్కడ వంపు ముందే ఉంది కాబట్టి మెషిన్ చేసిందే డిజైన్ అయిపోతుంది. అమెరికా జాతీయ పార్కుల బోర్డులకి చాలాకాలం క్లారెండన్నే వాడారు. లేజర్‌తో యాక్రిలిక్ కోయిస్తే ఈ బాధ లేదు. కాబట్టి కోసే షాపువాళ్ళ దగ్గర ఏ మెషిన్ ఉందో కనుక్కున్నాకే ఫాంటు ఖాయం చేసుకోండి.

ఇక అసలు సమస్య, తెలుగు. ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి, నువ్వు చెయ్యకుండా ఉండటానికి. చాలా ఏళ్ళ కింద ఒక విత్తనాల షాపు బోర్డుకి ఇంగ్లిష్‌లో స్లాబ్ పెట్టాను. తెలుగు కూడా దానికి కలవాలని కోరల్‌డ్రాలో అక్షరాలని కర్వ్స్‌గా (టైపు కాకుండా గీసిన బొమ్మలా) మార్చి, ఒక్కో తెలుగు అక్షరం కింద చిన్న చదరపు దిమ్మ అతికించాను. రెండు రాత్రులు కూర్చుని చేశాను. మానిటర్ మీద ఎంత ముచ్చటగా ఉందో! బోర్డు ఎక్కించిన రోజు ఓనరు వాళ్ళ నాన్న వచ్చి, కిందనుంచి చూసి, "పత్తి అని చదవొస్తలేదు బిడ్డా" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను. ప కింద దిమ్మ పెడితే అది ఫ అయింది. నల్లగొండ జిల్లాలో, విత్తనాల షాపు మీద, 'ఫత్తి'. ద కింద పెడితే ధ లా, చ కింద పెడితే ఛ లా, డ కింద పెడితే ఢ లా కనపడుతుంది. తెలుగులో అక్షరం కింద చిన్న గీత అలంకారం కాదు, అది వేరే అక్షరం. ఇంగ్లిష్‌లో కాలు తీసేసినా ఐ ఐ గానే ఉంటుంది. మనకి ఆ వీలు లేదు.

కాబట్టి తెలుగుకి కాళ్ళు పెట్టే ఆలోచనే వద్దు. మరి జోడీ ఎలా కుదురుతుంది? కలపాల్సింది గీత మందాన్ని. ఇంగ్లిష్ స్లాబ్‌లో గీత అంతా ఒకే మందం. తెలుగు ఫాంటు కూడా ఒకే మందంతో తిరగాలి. ఒకచోట లావు, ఒకచోట సన్నం అయ్యే ఫాంటు పక్కన పెడితే, ఎంత మంచి ఫాంటైనా, నువ్వన్నట్టు వేరే షాపు బోర్డులా ఉంటుంది. రెండోది, తలకట్టు చివర చూడు. స్లాబ్ కాళ్ళు మూల కోసినట్టుంటాయి కాబట్టి తలకట్టు కొస కూడా తెగ్గోసినట్టు ఉంటే రెండూ ఒకే చేతివాటంలా ఉంటాయి. కొస గుండ్రంగా ఉంటే కలవదు.

ఈ లెక్కన మీ బోర్డుకి నేను అనేక్ తెలుగు వాడతాను. ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్ళు చేశారు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. అందులో మందం కావలసినంత పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు, వెడల్పు కూడా మార్చుకోవచ్చు. ఇంగ్లిష్ గీత మందాన్ని స్కేలుతో కొలిచి, తెలుగు గీత అంతే వచ్చేదాకా జరుపుకోవడానికి ఇంతకన్నా వీలైనది లేదు. ఇంకా లావు కావాలంటే సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన రామభద్ర చూడు, అది శీర్షికల కోసమే చేసింది. బాలూ తమ్ముడు అనే ఫాంటు కూడా బోల్డే కానీ మెత్తగా, గుండ్రంగా ఉంటుంది, పిల్లల స్కూలుకి బాగుంటుంది, మిల్లుకి వద్దు. ఇంగ్లిష్‌కి ఉచితంగా కావాలంటే ఆల్ఫా స్లాబ్ వన్ బాగా లావు, రోబోటో స్లాబ్ మధ్యరకం, ఆర్వో కొంచెం సాదాగా ఉంటుంది. లైటు బోర్డుకైతే రోబోటో స్లాబ్ బోల్డ్, బస్తాకైతే ఆల్ఫా స్లాబ్ నా ఎంపిక.

తెలుగు ముందు పెట్టుకోమన్నది ఎందుకో 'రైస్ మిల్లు' అనే రెండు మాటల్లోనే చూపిస్తాను. రై కి పైన ఎత్వం, కింద ఇంకో మలుపు. స్ కి పైన పొల్లు. మి కి గుడి. ల్లు కి పక్కన కొమ్ము, కింద లవత్తు. అంటే అసలు అక్షరం ఎత్తు ఎంతో, పైనా కిందా కలిపి దాదాపు అంత జాగా ఇంకోటి కావాలి. ఇంగ్లిష్ పెద్దక్షరాలకి ఈ బాధ లేదు, పైన ఒక గీత, కింద ఒక గీత మధ్యలో ఇటుకల్లా కూర్చుంటాయి. ముందు ఇంగ్లిష్ పెట్టి, మిగిలిన పట్టీలో తెలుగుని ఇరికిస్తే వత్తు ఫ్రేముకి తగులుతుంది. అది తగలకుండా తెలుగుని చిన్నది చేస్తారు, గీత సన్నబడుతుంది, ఇంగ్లిష్ దాన్ని మింగేస్తుంది. నీ డిజైన్‌లో జరిగింది ఇదే. ముందు తెలుగు పేరు రాసుకో. వత్తులకీ గుడులకీ జాగా వదులు. తర్వాత ఇంగ్లిష్‌ని దానికి తగ్గ సైజులో, అదే గీత మందంతో పెట్టు.

తెలుగు మరీ లావు చేసినా ప్రమాదమే. ఠ లో చుక్క, థ లో చుక్క, ధ కింద గీత పూడుకుపోతాయి. ఘ, ఝ, ఖ ల్లో లోపలి సందులు మూసుకుపోతాయి. మీ మిల్లు పేరులో ఈ అక్షరాలుంటే వాటిని ఒక్కోటిగా పెద్దది చేసి చూడు. సందు కనపడకపోతే మందం తగ్గించు.

బస్తా దగ్గర సంగతి వేరు. ప్లాస్టిక్ నేత బస్తా మీద ఇంకు నేత దారం ఎక్కిన చోట పడుతుంది, సందులో పడదు. సన్నగీత అక్కడ తునకలవుతుంది. చిన్న తెలుగు అక్షరాలకి అవుట్‌లైన్, దాని చుట్టూ ఇంకో రంగు షేడ్ పెట్టిన డిజైన్లు బస్తా మీద ఎప్పుడూ చెదిరే వస్తాయి, ఎందుకంటే ఒక రంగు స్టీరియో (అచ్చు వేసే దిమ్మ) పక్కన ఇంకో రంగు స్టీరియో సరిగ్గా వాలదు. ఒక రంగు, లావు అక్షరం, చుట్టూ ఖాళీ. అంతే చాలు. పాత గోనెసంచుల మీద రేకు స్టెన్సిల్ పెట్టి బ్రష్షుతో కొట్టినప్పుడు కూడా దిమ్మకాళ్ళ అక్షరాలే బాగా దిగేవి. స్టెన్సిల్ అనే పేరుతోనే 1937లో అమెరికాలో వచ్చిన ఫాంటుకి కూడా ఆధారం క్లారెండన్ రూపమే. 26 అనే అంకెని మాత్రం స్లాబ్‌లో పెద్దగా పెట్టించు. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద జీఎస్టీ వచ్చాక మన దగ్గర ఈ బస్తాలు పెరిగాయి, కొనేవాళ్ళు కూడా ఆ అంకె చూసే అడుగుతున్నారు. స్లాబ్‌లో 2 కి, 6 కి కింద బరువు ఉంటుంది, బస్తా మీద నిండుగా కనపడుతుంది.

ఒక చిన్న హెచ్చరిక. బోర్డు బాగుందని మిల్లు లారీల నంబర్ ప్లేట్ల మీద కూడా ఇదే ఫాంటు వేయించొద్దు. మోటారు వాహనాల నిబంధనల్లో ప్లేటు అక్షరానికి కొలతలున్నాయి. పెద్ద బండ్లకి ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10. ఫ్యాన్సీ అక్షరాలకి జరిమానా వేస్తారు. ఆ కొలతలో మందం ఎత్తులో ఆరోవంతుకి దగ్గరగా ఉంది చూశావా? చదవడానికి కుదిరే నిష్పత్తి అది. బోర్డుకి నేను దానికన్నా కాస్త ఎక్కువే పెడతాను, ఐదోవంతు దాకా.

ఫైలు ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. అను లాంటి పాత పద్ధతి తెలుగు ఫాంటులో టైప్ చేసిన పేరు యూనికోడ్ ఫాంటులోకి మారిస్తే పిచ్చి గుర్తులొస్తాయి, మార్చొద్దు, కొత్తగా టైప్ చేయించు. ఫోటోషాప్‌లో తెలుగు వత్తులు విడిపోతుంటే ఫాంటు తప్పు కాదు, టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల ఇంజిన్ ఎంచుకోవాలి. అంతా సరిచూశాక అక్షరాలని కర్వ్స్ చేసి పంపించు. కర్వ్స్ చేసిన తర్వాత ఒకసారి పేరు బయటికి చదువు, పక్కనున్న ఇంకొకరితో కూడా చదివించు. మన కళ్ళు మనం చేసిన తప్పుని దాటిపోతాయి.

చివరిగా, ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చెయ్యి. మీ బోర్డు 20 అడుగుల పొడవు అనుకుందాం. దాన్ని ఏ4 కాగితం మీద అడ్డంగా, సుమారు అడుగు పొడవు వచ్చేలా ప్రింట్ తియ్యి. అంటే ఇరవయ్యోవంతు. మిల్లు గోడకి అంటించి 18 అడుగుల దూరం నిలబడు. రోడ్డు మీద 360 అడుగుల నుంచి చూసే లారీ డ్రైవరుకి బోర్డు ఎంత కనపడుతుందో అంతే నీకు కనపడుతుంది. పేరు తెలియనివాళ్ళని, హమాలీలనో, వడ్లు తెచ్చిన రైతులనో పిలిచి చదవమను. ఎండలో ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి. ఎక్కడ తడబడ్డారో ఆ అక్షరం మీద గుర్తు పెట్టి ఫోటో తీసి ఇక్కడే పెట్టు. మిల్లు పూర్తి పేరు, బోర్డు కొలతలు, ఏ మెషిన్ మీద కోయిస్తున్నారో రాయి. చూసి చెప్తాను.